ఆర్ విలువ దగ్గరే ఆగిపోతున్నాను, ఎంపీసీ మానేయనా?

ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి ఆరు పేజీల ఉత్తరం రాసింది. తన పేరు, కాలేజీ పేరు వేయొద్దని కోరింది కాబట్టి వేయడం లేదు. విషయం మాత్రం ఇదీ.

పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో, తెలుగు మీడియంలో చదివింది. మంచి మార్కులే వచ్చాయి. ఇప్పుడు ఊరికి వంద కిలోమీటర్ల దూరంలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ, ఇంగ్లిష్ మీడియం. నాన్నకు హైవే పక్కన లారీ టైర్ల పంక్చర్ షాపు ఉంది. ఫీజు కోసం ఆయన అప్పు చేశారు. కెమిస్ట్రీలో వాయువుల పాఠం మొదలయ్యాక జరిగిన మూడు వీకెండ్ టెస్టుల్లో, పీడనం కనుక్కోమన్న లెక్క ఒక్కటి కూడా సరిగ్గా రాలేదట. "ఫార్ములా నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పీవీ ఈక్వల్స్ ఎన్‌ఆర్‌టీ. అయినా నా జవాబు కీతో ఒక్కసారీ కలవదు" అని రాసింది. (అందులో పీ అంటే పీడనం, వీ ఘనపరిమాణం, ఎన్ మోల్స్ సంఖ్య, అంటే వాయువు ఎంత ఉందో చెప్పే కొలత, ఆర్ ఒక స్థిరాంకం, టీ ఉష్ణోగ్రత.) మార్కులు తగ్గాయని కింది సెక్షన్‌కు మార్చారు. "ఆర్ విలువ ఏది వేయాలో తెలియనిదానివి ఎంపీసీ ఎందుకు తీసుకున్నావ్" అని ఒక లెక్చరర్ అందరి ముందూ అన్నారు. పక్క బెడ్ అమ్మాయి షార్ట్‌కట్లు చెబుతుంది కానీ, ఎందుకని అడిగితే "అదంతా ఎందుకే, గుర్తు పెట్టుకో" అంటుంది. రాత్రి రెండు దాటినా నిద్ర పట్టడం లేదు. సెక్షన్ మారిన సంగతి నాన్నకు ఇంకా చెప్పలేదు.

ఆమె అడిగినవి మూడు. ఎంపీసీ వదిలేసి సీఈసీలోకి మారిపోవాలా? లేదంటే లెక్కల మోడల్స్ అన్నీ బట్టీ పట్టేయాలా? నాన్నకు చెప్పాలా, వద్దా? ఉత్తరం చివరి పేజీలో తప్పు పోయిన నాలుగు లెక్కలు, తను రాసిన జవాబులు, కీలో ఉన్న జవాబులు రాసి పంపింది.

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ నాలుగు లెక్కలూ కాగితం మీద నేనూ చేసి చూశాను. ముందు వాటి సంగతి మాట్లాడుకుందాం. గ్రూపు సంగతి తర్వాత. ఎందుకంటే నీ మూడు ప్రశ్నలూ "నాకు కెమిస్ట్రీ రాదు" అన్న ఒక్క మాట మీద నిలబడి ఉన్నాయి. ఆ మాట నిజమో కాదో తేలకుండా మిగతావి ఎంత మాట్లాడుకున్నా లాభం లేదు.

మొదటి లెక్క. 2.5 లీటర్ల పాత్రలో 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర 8 గ్రాముల ఆక్సిజన్ ఉంది, పీడనం ఎంత? నువ్వు 249.4 అట్మాస్ఫియర్లు అన్నావు. కీలో 2.46 ఉంది. నీ స్టెప్పులు చూశాను. ఒక మోల్ ఆక్సిజన్ 32 గ్రాములు కాబట్టి 8ని 32తో భాగించి పావు మోల్ అన్నావు, సరైనదే. 27కు 273 కలిపి 300 కెల్విన్ అన్నావు, అదీ సరైనదే. ఆర్ దగ్గర 8.314 వేశావు, ఘనపరిమాణం దగ్గర 2.5 ఉంచావు. గుణించి, భాగిస్తే 249.4 వచ్చింది.

ఇందులో ఒక్క అంకె కూడా తప్పు లేదమ్మా. 249.4 అన్నది సరైన జవాబే. కాకపోతే అది కిలోపాస్కల్స్‌లో వచ్చిన జవాబు. నువ్వు దాని పక్కన అట్మాస్ఫియర్లు అని రాశావు. 249.4ను 101.3తో భాగించి చూడు. 2.46 వస్తుంది. అదే కీలో ఉంది.

మీ ఊళ్లో పొలం గురించి ఎలా మాట్లాడతారో గుర్తు తెచ్చుకో. ఎకరం అంటే వంద సెంట్లు. అదే ఎకరం తెలంగాణలో నలభై గుంటలు. 1, 100, 40 మూడూ ఒకే చెక్క పేర్లు. ఒకాయన "నాకు వంద ఉంది" అని ఊరుకుంటే వంద సెంట్లా, వంద ఎకరాలా అని వెంటనే అడుగుతాం. మన చుట్టూ ఉన్న గాలి పీడనమూ అంతే. సముద్ర మట్టం దగ్గర అది 1 అట్మాస్ఫియర్. పాదరసం స్తంభంతో కొలిస్తే 760 మిల్లీమీటర్లు. పాస్కల్స్‌లో 1,01,325. అంటే 101.3 కిలోపాస్కల్స్. బార్లలో 1.013. మీ నాన్న గేజ్ మీద ఉండే పీఎస్ఐలో 14.7. ఇన్ని పేర్లున్నా గాలి ఒక్కటే, అది నొక్కే బలమూ ఒక్కటే.

ఇప్పుడు ఆర్ సంగతి. నిన్ను అందరి ముందు నిలబెట్టిన మాట దాని గురించే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. ఆర్ అంటే 8.314, లేదా 0.0821, లేదా 0.0831 అని మూడు అంకెలు బోర్డు మీద రాసేస్తే, అవి మూడు వేరు వేరు స్థిరాంకాలని, ఏ లెక్కకు ఏది వేయాలో తెలివైన వాళ్లకు మాత్రమే తెలుస్తుందని పిల్లలకు అనిపిస్తుంది. అవి మూడూ ఒక్కటే. ఎకరం, సెంట్లు, గుంటల లాగానే. 0.0821 పక్కన లీటర్, అట్మాస్ఫియర్ ఉన్నాయి. 0.0831 పక్కన లీటర్, బార్ ఉన్నాయి. 8.314 పక్కన జౌల్ ఉంటుంది. ఆ జౌల్‌ను విప్పితే లోపల పాస్కల్, ఘనపు మీటరు ఉంటాయి. ఘనపు మీటరు అంటే వెయ్యి లీటర్లు, కిలోపాస్కల్ అంటే వెయ్యి పాస్కల్స్ కాబట్టి, లీటర్, కిలోపాస్కల్ జతకూ అదే 8.314 సరిపోతుంది. ఆర్ అనేది పీడనానికి, ఘనపరిమాణానికి ఏ భాష వాడాలో ముందే చెప్పేస్తుంది. 0.0821 వేశావంటే ఘనపరిమాణం లీటర్లలోనే పెట్టాలి, పీడనం అట్మాస్ఫియర్లలోనే వస్తుంది. అందులో మనం ఎంచుకునేది ఏమీ ఉండదు.

రెండో లెక్కలో నీకు దొర్లిన పొరపాటు ఇదే. 500 మిల్లీలీటర్ల ఫ్లాస్క్‌లో, 27 డిగ్రీల దగ్గర, 0.02 మోల్ నైట్రోజన్. నువ్వు 0.0821 వేసి, కింద 500 పెట్టావు. 0.000985 వచ్చింది. 500 బదులు అర లీటరు, అంటే 0.5 పెడితే 0.985 వస్తుంది. ఆర్ లీటర్లు అడిగితే నువ్వు మిల్లీలీటర్లు ఇచ్చావు, అందుకే సరిగ్గా వెయ్యి రెట్లు తేడా. ఇలా సరిగ్గా పదుల్లో, వందల్లో, వేలల్లో తేడా కనిపిస్తే ఆలోచన తప్పని అనుకోకు. ముందు యూనిట్ వైపు చూడు.

మూడోది. 10 లీటర్ల పాత్రలో 2 మోల్స్ కార్బన్ డయాక్సైడ్, 27 డిగ్రీలు. నీ జవాబు 0.443, కీలో 4.93. ఇక్కడ కెల్విన్ మర్చిపోయి 27నే వేసేశావు. మొదటి రెండింట్లో మర్చిపోలేదు, ఇక్కడ మర్చిపోయావు. అంటే కెల్విన్‌లోకి మార్చాలని నీకు తెలుసు, ఎందుకు మార్చాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. కారణం తెలియని రూల్ టెన్షన్‌లో మొదట ఎగిరిపోతుంది. కారణం ఇదీ. చలికాలంలో తెల్లవారుజామున లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోతుంది. సెల్సియస్ అంకెనే ఫార్ములాలో వేస్తే, సున్నాతో గుణించాం కాబట్టి అక్కడ ఆపిన బండి టైర్లలో పీడనం సున్నా అయిపోవాలి. ఇంకాస్త చలి పెరిగితే పీడనం మైనస్‌లోకి పోవాలి. అలా ఎక్కడైనా జరుగుతుందా? సెల్సియస్‌లో సున్నా అంటే నీళ్లు గడ్డకట్టే చోటు మాత్రమే. గాలికి ఆ సున్నాతో సంబంధం లేదు. వాయువు లెక్క నిజంగా మొదలయ్యే సున్నా ఇంకా 273 డిగ్రీల కింద ఉంది. అక్కడి నుంచి లెక్కపెట్టేదే కెల్విన్. అందుకే 27 డిగ్రీల నుంచి 54 డిగ్రీలకు పోతే వేడి రెట్టింపైనట్టు అనిపించినా, 300 నుంచి 327కు వెళ్లినట్టే. పీడనం పెరిగేది నూటికి తొమ్మిది వంతులే.

నాలుగో లెక్క చూసి నాకు నిజంగా సంతోషం కలిగింది, ఎందుకో చెబుతాను. కారు టైరులో 27 డిగ్రీల దగ్గర గేజ్ పీడనం 32 పీఎస్ఐ. రోడ్డు మీద తిరిగాక టైరు లోపల 57 డిగ్రీలైంది. ఘనపరిమాణం మారలేదనుకుంటే గేజ్ ఎంత చూపిస్తుంది? నువ్వు 32ను 330తో గుణించి 300తో భాగించావు. 35.2 వచ్చింది. కీలో 36.7. కెల్విన్ వేశావు, నిష్పత్తి సరిగ్గా రాశావు. ఎక్కడ పోయిందో అర్థం కాలేదని పక్కన రెండు ప్రశ్నార్థకాలు పెట్టావు.

మీ షాపులో కంప్రెసర్ పక్కన గొట్టానికి గేజ్ వేలాడుతూ ఉంటుంది కదా. నాన్న దాన్ని ఏ టైరుకూ పెట్టక ముందు ముల్లు ఎక్కడ ఉంటుంది? సున్నా మీద. కానీ గేజ్ చుట్టూ గాలి ఉంది. ఆ గాలి దాన్ని 14.7 పీఎస్ఐ బలంతో నొక్కుతూనే ఉంది. అయినా ముల్లు కదలదు. ఎందుకంటే ఆ గేజ్ చూపించేది బయటి గాలి కంటే లోపల ఎంత ఎక్కువ ఉందన్నది మాత్రమే. టైరు పూర్తిగా దిగిపోయి, అంచు నేలకు అతుక్కుపోయినా లోపల ఒక అట్మాస్ఫియర్ గాలి ఉంటుంది. గేజ్ మాత్రం సున్నా అంటుంది. ఇదీ సెల్సియస్ సున్నా లాంటిదే, అసలు సున్నా కాదు. కాబట్టి 32కు 14.7 కలుపు, 46.7. దాన్ని 330తో గుణించి 300తో భాగించు, 51.4. మళ్లీ గేజ్ ఏం చూపిస్తుందని అడిగారు కాబట్టి 14.7 తీసేయి. 36.7.

మీ బ్యాచ్‌లో ఈ గేజ్‌ను చిన్నప్పటి నుంచి చేత్తో పట్టుకున్నది నువ్వే అయి ఉంటావు. "టైరు వేడి మీద ఉన్నప్పుడు గాలి చూడకూడదు, చల్లారాక చూడాలి" అని మీ నాన్న డ్రైవర్లకు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో. ఆ మాటే ఈ లెక్క.

ఇంకోటి కూడా అడిగావు. సీనియర్ అక్కల పుస్తకంలో ఒక మోల్ వాయువు 22.4 లీటర్లని, మీ మెటీరియల్‌లో 22.7 అని ఉందని, ఏది నమ్మాలో తెలియడం లేదని. రెండూ నిజమే. సున్నా డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ దగ్గర 22.4. అదే ఉష్ణోగ్రత, 1 బార్ దగ్గర 22.7. 1982లో అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం ప్రామాణిక పీడనాన్ని అట్మాస్ఫియర్ నుంచి బార్‌కు మార్చింది. చాలా పుస్తకాలు, మాస్టర్లు పాత అంకెనే కొనసాగించారు. 0.0821ని 273తో గుణించు, 22.4 వస్తుంది. 0.0831ని గుణించు, 22.7 వస్తుంది. ప్రశ్నలో బార్ అని ఉందో, అట్మాస్ఫియర్ అని ఉందో చూసుకుంటే చాలు.

అంటే నాలుగు లెక్కల్లో మోల్స్ ఎక్కడా తప్పలేదు. సమీకరణం తప్పలేదు. గుణకారాలు తప్పలేదు. ఒకసారి జవాబుకు యూనిట్ వేరేది రాశావు, ఒకసారి మిల్లీలీటర్లు మార్చలేదు, ఒకసారి కెల్విన్ మర్చిపోయావు, ఒకసారి గేజ్‌కు బయటి గాలి కలపలేదు. ఇవన్నీ ఒకే జాతి పొరపాట్లు. దీన్ని కెమిస్ట్రీ రాకపోవడం అని నేను అనను. ఏళ్ల తరబడి పేపర్లు దిద్దినదాన్ని, నిజంగా రాని పేపర్ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

పెద్దవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు ఇదే పొరపాటు చేసిన సంగతి ఒకటి చెబుతాను. 1983 జూలై 23న కెనడాలో ఒక బోయింగ్ 767 విమానానికి, 41 వేల అడుగుల ఎత్తులో, దారి మధ్యలో ఇంధనం అయిపోయింది. ఆ రోజుల్లో ఆ దేశం పౌండ్ల నుంచి కిలోలకు మారుతోంది. లీటర్లలో ఉన్న ఇంధనం బరువెంతో తేల్చడానికి 1.77తో గుణించారు. ఆ 1.77 లీటరుకు ఎన్ని పౌండ్లో చెప్పే అంకె. కిలోలు కావాలంటే దాదాపు 0.8తో గుణించాలి. వచ్చిన అంకెను కిలోలనుకుని బయల్దేరారు, కావలసినదాంట్లో సగం కూడా లేకుండానే. పైలట్లు ఇంజిన్లు ఆగిన విమానాన్ని గాల్లో తేలుతూ తీసుకొచ్చి గిమ్లీ అనే ఊళ్లో పాత వైమానిక స్థావరం మీద దించారు. ఎవరి ప్రాణమూ పోలేదు. వాళ్లు గుణకారం తప్పు చేయలేదు. 8.314 పక్కన ఏముందో చూడకుండా నువ్వు చేసిందే చేశారు. ఆ పొరపాటు ఎంత పెద్దదో ఒప్పుకుంటూనే, అది బుద్ధి లేకపోవడం కాదని కూడా నువ్వు తెలుసుకోవాలని ఇది చెప్పాను.

ఇప్పుడు నీ ప్రశ్నలు.

మోడల్స్ బట్టీ పట్టడం గురించి ముందు. అది పూర్తిగా పనికిరాని పని అని అబద్ధం చెప్పను. వచ్చే వీకెండ్ టెస్టులో రెండు మూడు మార్కులు పెరగవచ్చు. పక్క బెడ్ అమ్మాయికి పెరుగుతున్నాయి కూడా. కానీ ప్రశ్నలో లీటర్ల బదులు ఘనపు సెంటీమీటర్లు ఇస్తే, అట్మాస్ఫియర్ బదులు పాదరసం మిల్లీమీటర్లు అడిగితే ఆ మోడల్ పనిచేయదు. పైగా ప్రశ్న తయారు చేసేవాళ్లకు నీ పొరపాట్లన్నీ ముందే తెలుసు. 249.4 అన్న నీ జవాబు ఆప్షన్లలో ఒకటిగా ఉండే ఉంటుంది. ఆప్షన్‌లో కనిపించింది కదా, సరైనదే అనుకుని గుర్తు పెట్టేసి ముందుకు వెళ్తాం. ఎంసెట్ పోయి ఈఏపీసెట్ వచ్చినా తప్పుకు మార్కు కోయరు. జేఈఈ మెయిన్‌లో మాత్రం తప్పు ఆప్షన్‌కు ఒక మార్కు పోతుంది.

దానికి బదులు నేను చెప్పే దారులు రెండున్నాయి. ఒకటి, ప్రశ్న ఏ యూనిట్‌లో జవాబు అడిగిందో చూసి దానికి తగిన ఆర్ ఎంచుకోవడం. వేగంగా అవుతుంది, కానీ మూడు విలువలూ వాటి యూనిట్లతో సహా గట్టిగా గుర్తుండాలి. నిద్ర లేని బుర్రకు ఇది ఇప్పుడు కష్టం. రెండోది, ఒకే ఒక్క ఆర్ పెట్టుకోవడం. 8.314. ఘనపరిమాణం ఎప్పుడూ లీటర్లలో పెట్టు, ఉష్ణోగ్రత కెల్విన్‌లో పెట్టు, వచ్చిన పీడనం ఎప్పుడూ కిలోపాస్కల్స్‌లోనే ఉంటుంది. అట్మాస్ఫియర్ కావాలంటే 101.3తో భాగించు. బార్ కావాలంటే వందతో. మొదటి లెక్కలో నీకు తెలియకుండా చేసింది ఇదే, చివరి భాగహారం ఒక్కటే మిగిలిపోయింది. దీంట్లో ఒక మెట్టు ఎక్కువ, కొన్ని సెకన్లు పోతాయి. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, ప్రశ్నకు నిమిషం పైన కాస్త మాత్రమే. అది నిజమే. అయినా ఈ నెల రోజులు నువ్వు రెండో దారిలోనే నడవడం మంచిదని నా అభిప్రాయం. వేగం తర్వాత వస్తుంది. శక్తికి సంబంధించిన లెక్కల్లో కూడా ఇదే 8.314 పనికొస్తుంది, కొత్తగా నేర్చుకునేది ఉండదు.

ఏ దారిలో వెళ్లినా అంకె పక్కన యూనిట్ రాయకుండా ఒక్క స్టెప్పు కూడా వేయకు. రఫ్ పేపర్ మీద కూడా. మొదటి స్టెప్పులోనే రాస్తే 500 మిల్లీలీటర్లు 0.0821 పక్కన కూర్చోలేవు, నీ కంటికే కొడతాయి.

జవాబు వచ్చాక ఒక్క చూపులో సరిచూసుకునే ఉపాయం కూడా ఉంది. మామూలు గది వేడిలో, 1 అట్మాస్ఫియర్ దగ్గర, ఒక మోల్ ఏ వాయువైనా దాదాపు 25 లీటర్ల చోటు తీసుకుంటుంది. పావు మోల్‌కు ఆరు లీటర్ల పైచిలుకు కావాలి. దాన్ని రెండున్నర లీటర్లలో కుక్కితే ఎంత నొక్కాలి? రెండున్నర రెట్లు. కాబట్టి జవాబు 2.5 దగ్గర ఉండాలి. వెల్డింగ్ షాపులో నిలబెట్టి ఉంచే పెద్ద నల్ల ఆక్సిజన్ సిలిండర్ చూశావు కదా. అందులో నీళ్లు పోస్తే దాదాపు 47 లీటర్లు పడతాయి. ఆక్సిజన్ మాత్రం 7 ఘనపు మీటర్లు, అంటే 7 వేల లీటర్లు దిగుతుంది. అంత మందం ఇనుములో, అంత కష్టపడి నింపితే వచ్చేది 150 బార్ల చుట్టుపక్కల. అలాంటిది గుప్పెడు ఆక్సిజన్ ఉన్న గాజు పాత్రలో 249 అట్మాస్ఫియర్లు అంటే పాత్ర మిగలదని నీకే తెలిసిపోతుంది. ఇలా అంచనా వేయడం పరీక్ష కోసం మాత్రమే కాదు, నీకు ధైర్యం ఇస్తుంది. కీ చూడక ముందే నీ జవాబు నమ్మదగినదో కాదో నువ్వే చెప్పగలుగుతావు.

తెలుగు మీడియం సంగతి ఉత్తరంలో ఒక్క వాక్యంలో వదిలేశావు కానీ, నా లెక్కలో అది చిన్నది కాదు. పీడనం, ఘనపరిమాణం అని మూడేళ్లు చదివిన పిల్లకు ప్రెషర్, వాల్యూమ్ అని వేగంగా చెప్పుకుంటూ పోతే, సగం బుర్ర మాటలు మార్చుకోవడానికే సరిపోతుంది. యూనిట్ గమనించడానికి మిగలదు. తెలుగు అకాడమీ తెలుగు మీడియం కెమిస్ట్రీ పుస్తకం తెప్పించుకో. ఆ పాఠం ముందు తెలుగులో చదివి, అర్థమయ్యాక ఇంగ్లిష్‌లో లెక్కలు చెయ్యి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక సీఈసీ. నీకు కామర్స్ అంటే ఇష్టమైతే, బ్యాంకు ఉద్యోగమో, సీఏనో మనసులో ఉంటే తప్పకుండా మారు, అది దిగజారడమేమీ కాదు. కానీ నీ ఆరు పేజీల్లో కామర్స్ గురించి ఒక్క మాట లేదు. వాయువుల పాఠం నుంచి పారిపోవాలన్న ఆత్రమే ఉంది. సంవత్సరం మధ్యలో గ్రూపు మారితే అప్పటిదాకా అయిపోయిన అకౌంట్స్ నువ్వొక్కదానివే కూర్చుని చదువుకోవాలి. కట్టిన ఫీజు సంగతి, మారడానికి గడువు ఉందో లేదో ఆఫీసులో కనుక్కోవాలి. ఇంజినీరింగ్ దారి మాత్రం దాదాపు మూసుకుపోతుంది. మారకుండా ఒక నెల ఆగితే నీకు పోయేది ఒక నెల. ఇప్పుడే మారి తర్వాత బాధపడితే పోయేది అంతకంటే చాలా ఎక్కువ.

మధ్యలో ఇంకా దారులున్నాయి. ఎంపీసీనే ఉంచుకుని, హాస్టల్ వదిలి ఇంటికి దగ్గర్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేరవచ్చు. టెస్టుల ఒత్తిడి తగ్గుతుంది, ఖర్చు తగ్గుతుంది, రాత్రి అమ్మ చేతి అన్నం తిని పడుకుంటావు. అయితే ఎంట్రన్స్‌కు నీ అంతట నువ్వే ప్రాక్టీస్ చేసుకోవాలి, పక్కన తరిమేవాళ్లు ఉండరు. చేతితో పని చేయడం ఇష్టమైతే వచ్చే ఏడాది పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేయవచ్చు, ఆ తర్వాత ఈసెట్ రాసి ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో నేరుగా చేరే వీలుంది. ఈ ఏడాది మాత్రం వెనక్కు పోతుంది. ఏదీ వద్దనుకుంటే ఉన్న సెక్షన్‌లోనే ఉండు. కింది సెక్షన్ అని ఏడ్చావు కానీ, అక్కడ పాఠం కాస్త నెమ్మదిగా నడుస్తుందని నువ్వే రాశావు. ఈ నెలకు నీకు కావలసింది ఆ నెమ్మదే.

అందరి ముందూ ఆ మాట అనడం తప్పు. ఏ పిల్లనూ అలా అనకూడదు. నీకు ధైర్యం ఉంటే, క్లాసు అయ్యాక ఆయన ఒక్కరే ఉన్నప్పుడు ఈ నాలుగు లెక్కల కాగితం తీసుకెళ్లి, "సర్, నా పొరపాటు ఇక్కడ ఉందని తెలుసుకున్నాను, సరిచేశాను, ఒకసారి చూస్తారా" అని అడుగు. చాలామంది లెక్చరర్లు అలా వచ్చిన పిల్లను తర్వాత వేరే కళ్లతో చూస్తారు. చూడకపోయినా నీ లెక్క నీ దగ్గరే ఉంటుంది. వెళ్లలేనంటే వెళ్లకు, స్టడీ అవర్‌లో ఉండే మేడమ్‌ను అడుగు.

నిద్ర గురించి ఒక మాట. రెండింటి దాకా మేలుకుని ఉండటం వారం పది రోజులైతే అది చదువు సమస్య కాదు, ఆరోగ్య సమస్య. వార్డెన్‌కు చెప్పు. ఎవరికీ చెప్పుకోలేనంత బరువుగా ఉంటే 14416కు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. ఉత్తరంలో రాయని బాధ ఏదైనా ఉంటే, నా జవాబు కోసం ఎదురుచూడకుండా ముందు వాళ్లతో మాట్లాడు.

నాన్నకు చెప్పాలా? చెప్పకపోతే ఈ రెండు వారాలు ఆయన మనసు నిమ్మళంగా ఉంటుంది, నీ మనసు ఉండదు. పేరెంట్స్ మీటింగ్‌లో ఎలాగూ తెలుస్తుంది. అప్పు చేసి చదివిస్తున్న మనిషికి అది వేరేవాళ్ల నోటి నుంచి వినడం ఎక్కువ బాధ. చెబితే ముందు కాసేపు ఊరుకుంటారేమో, ఒకమాట అంటారేమో. ఇంటికి వచ్చేయమంటారేమో కూడా. ఆ మాట కోపంతో అన్నా, ప్రేమతో అన్నా నీకు ఒక దారి తెరిచి ఉందన్న సంగతి తెలుస్తుంది. అమ్మతో ముందు చెప్పించుకునే అలవాటు మీ ఇంట్లో ఉంటే అలాగే చెయ్యి, తప్పేం లేదు.

నేరుగా సెక్షన్ మాటతో మొదలుపెట్టలేకపోతే, ఆదివారం నీ ఫోన్ వంతు వచ్చినప్పుడు ఈ లెక్క ఆయన్ను అడుగు. తెల్లవారుజామున, 27 డిగ్రీల దగ్గర, లారీ టైరులో గేజ్ 110 పీఎస్ఐ చూపించింది. మధ్యాహ్నం లోడ్ మీద వచ్చి ఆగాక టైరు లోపల 67 డిగ్రీలైంది. ఘనపరిమాణం మారలేదనుకుందాం. గేజ్ ఎంత చూపిస్తుంది? నువ్వు కాగితం మీద చేసి పెట్టుకో, 14.7 కలపడం, తీసేయడం మర్చిపోకుండా. ఆయన షాపులో చూసిన అంకె చెబుతారు. రెండూ దగ్గరగా వస్తే, మిగతా సంగతి అప్పుడు చెప్పు.